చివరి రెండు మీటర్ల తీగ: ఇంటి శ్రవ్య ప్రసారంపై పవర్‌కార్డు ప్రభావం - కారంచేడు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంటర్నెట్ ద్వారా సంగీతాన్ని, శ్రవ్య గ్రంథాలను, క్షేత్రసేకరణ ధ్వనులను వినే ఇళ్లలో పరికరానికి విద్యుత్తును అందించే పవర్‌కార్డును మార్చితే ధ్వని నాణ్యత పెరుగుతుందన్న వాదన చాలాకాలంగా ఉంది. బాపట్ల జిల్లా కారంచేడు వంటి తీరప్రాంత గ్రామంలోని ఇంటి విద్యుత్ పరిస్థితిని ఆధారం చేసుకుని ఆ వాదనను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తీగ నిరోధం, పరికరంలోని విద్యుత్ సరఫరా భాగం, అంకెల రూపంలోని ధ్వని స్వభావం, శ్రవణ పరీక్షల పద్ధతి అనే అంశాలను వివరించి, కార్డు నిజంగా ధ్వనిని పాడుచేసే సందర్భాలను వేరుచేసి చూపుతుంది. మౌఖిక సాహిత్య పరిశోధకులు పాత క్యాసెట్లను డిజిటల్ రూపంలోకి మార్చేటప్పుడు ఈ విషయం ఎందుకు ముఖ్యమో చర్చిస్తుంది.

కీలకపదాలు: పవర్‌కార్డు, స్ట్రీమింగ్, నిరోధం, ఎర్తింగ్, హోరు, అంధపరీక్ష, క్షేత్రసేకరణ, కారంచేడు.

1. ఉపోద్ఘాతం

ధ్వని పరికరాల విపణిలో పవర్‌కార్డుది ఒక విచిత్రమైన స్థానం. యాంప్లిఫయర్‌తోపాటు పెట్టెలో ఉచితంగా వచ్చే ఆ నల్లని తీగకు ప్రత్యామ్నాయంగా, యాంప్లిఫయర్ కంటే ఎక్కువ ఖరీదు పలికే తీగలు దొరుకుతున్నాయి. వెండి పూత, పట్టు తొడుగు, అతిశీతల ప్రక్రియ, ఏకస్ఫటిక రాగి వంటి మాటలు వాటి ప్రకటనల్లో కనిపిస్తాయి. కొన్నవారిలో చాలామంది తేడా విన్నామనే చెబుతారు. వారు అబద్ధం చెబుతున్నారని ఈ వ్యాసకర్త భావించడంలేదు. వారు విన్నది ఎక్కడినుంచి వచ్చిందన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నను కారంచేడులో నిలబడి అడగడానికి కారణాలున్నాయి. నిర్మాత దగ్గుబాటి రామానాయుడు 1936 జూన్ 6న జన్మించిన ఊరు ఇది. ఆయన నిర్మించిన ‘రాముడు భీముడు’ (1964), ‘ప్రేమనగర్’ (1971) చిత్రాల పాటలను నేడు తెలుగువారు ఎక్కువగా వింటున్నది స్ట్రీమింగ్ ద్వారానే. 1985 జూలై 17న జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హతులైన ఊరు కూడా ఇదే. ప్రాణాలతో బయటపడినవారు చీరాలకు చేరుకున్నారు. ఆ ఘటన దళితోద్యమానికి, తదనంతర దళిత సాహిత్యానికి ఒక మలుపు. అది క్యాసెట్ల కాలం. ఆనాటి పాటలు, ఉపన్యాసాలు, సాక్ష్యాలు ఏ ఇంటి బీరువాలో ఏ టేపులపై మిగిలి ఉన్నా, వాటిని వినడం, భద్రపరచడం పరిశోధకుల బాధ్యత. ఒక వైపు వినోదం, మరొక వైపు చరిత్ర. రెండింటికీ విద్యుత్తు వచ్చేది ఒకే ప్లగ్గు పాయింటు నుంచి.

2. ప్లగ్గు పాయింటు దాకా వచ్చే దారి

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో, చీరాల పట్టణానికి సమీపంలో, కృష్ణా పశ్చిమ డెల్టా చివరి భూముల్లో కారంచేడు ఉంది. విద్యుత్ పంపిణీ విజయవాడ కేంద్రంగా పనిచేసే ఆంధ్రప్రదేశ్ మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోనిది. ఉత్పత్తి కేంద్రం నుంచి వందల కిలోమీటర్లు ప్రయాణించిన విద్యుత్తు ఉపకేంద్రం వద్ద 11,000 వోల్టులకు దిగి, వీధి ట్రాన్స్‌ఫార్మర్ వద్ద 433 వోల్టుల త్రీఫేజ్‌గా మారుతుంది. ఒక ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య ఇది 250 వోల్టులు. లోడు పడి, తీగల పొడవునా తగ్గి, ఇంటికి చేరేసరికి నామమాత్రపు విలువ 230 వోల్టులు. 1956 నాటి భారతీయ విద్యుత్ నియమావళి ఈ స్థాయి సరఫరాలో 6 శాతం హెచ్చుతగ్గులను అనుమతించింది. అంటే నిబంధనలు సక్రమంగా అమలైన రోజున కూడా, ఒక ఇంట్లో వోల్టేజి 25 వోల్టులకు పైగా అటూ ఇటూ ఊగవచ్చు.

స్తంభం నుంచి సర్వీసు వైరు మీటరుకు వస్తుంది. అక్కడినుంచి గోడలోని వైరింగు గుండా స్విచ్‌బోర్డుకు చేరుతుంది. పవర్‌కార్డు ప్రయాణం అక్కడే మొదలవుతుంది. దాని పొడవు సాధారణంగా రెండు మీటర్లు. వందల కిలోమీటర్ల అల్యూమినియం తర్వాత ఈ రెండు మీటర్ల రాగి ఏం చేయగలదన్నది చాలామంది వేసే ఎత్తిపొడుపు ప్రశ్న. అయితే ఎత్తిపొడుపు శాస్త్రం కాదు. చివరి రెండు మీటర్లు మిగతా దారికంటే భిన్నంగా ప్రవర్తించే అవకాశం సూత్రప్రాయంగా ఉంది, అది పరికరానికి అత్యంత సమీపంలో ఉన్న భాగం గనుక. కాబట్టి లెక్క వేసి చూడటమే మంచిది.

3. లెక్క

ఒక నమూనా ఇంటిని తీసుకుందాం. స్తంభం నుంచి 30 మీటర్ల సర్వీసు వైరు, 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కనుక మొత్తం పొడవు 60 మీటర్లు. అల్యూమినియం విశిష్ట నిరోధాన్ని బట్టి దీని నిరోధం సుమారు 0.42 ఓములు. గోడలోని వైరింగు 15 మీటర్లు, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి. రానుపోను నిరోధం 0.34 ఓములు. పెట్టెలో ఉచితంగా వచ్చిన రెండు మీటర్ల కార్డు 0.75 చదరపు మిల్లీమీటర్లదైతే దాని నిరోధం 0.09 ఓములు. దానిని తీసి 2.5 చదరపు మిల్లీమీటర్ల మందమైన కార్డు పెడితే అది 0.03 ఓములకు దిగుతుంది. ఖరీదైన తీగ వల్ల మనం ఆదా చేసింది సుమారు 0.064 ఓములు.

స్ట్రీమింగ్ పరికరం, యాంప్లిఫయర్ కలిసి ఒక ఆంపియరు తీసుకుంటున్నాయనుకుందాం. ఇంట్లో మామూలు స్థాయిలో పాటలు వినేవారికి ఇది ఉదారమైన అంచనా. అప్పుడు ఆదా అయిన వోల్టేజి 0.064 వోల్టులు, 230లో 0.03 శాతం. అదే ఇంట్లో ఒక హార్స్‌పవర్ నీటి మోటారు వేసిన క్షణంలో అది సుమారు 25 ఆంపియర్లు లాగుతుంది. సర్వీసు వైరు ఒక్కదానిలోనే అప్పుడు 10 వోల్టులకు పైగా పడిపోతుంది. లైటు ఒక్కసారి మసకబారి తేరుకోవడం మనం రోజూ చూసేదే. కొత్త కార్డు ఇచ్చిన లాభంకంటే మోటారు చేసిన నష్టం నూట అరవై రెట్లు పెద్దది. పాట వింటున్నప్పుడు మోటారు వేస్తే గాయకుని గొంతు మారినట్టు ఎవరూ ఫిర్యాదు చేయరు. ఎందుకు చేయరన్నది తెలిస్తే మిగతా కథ సగం తెలిసినట్టే.

4. పరికరం లోపల

గోడనుంచి వచ్చే ఏకాంతర విద్యుత్తును ఏ ధ్వని పరికరమూ నేరుగా వాడుకోదు. పాత తరం యాంప్లిఫయర్లలో ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని దించుతుంది, డయోడ్లు దానిని ఒకే దిశకు మళ్లిస్తాయి, పెద్ద కెపాసిటర్లు దానిని నిల్వచేస్తాయి. వీటిని ఇంటి మీది నీళ్ల ట్యాంకుతో పోల్చవచ్చు. మోటారు పైపులో నీరు ఉరవడిగా వచ్చినా ఆగి ఆగి వచ్చినా, కుళాయిలో ధార ట్యాంకు ఎత్తును బట్టే ఉంటుంది. సున్నితమైన భాగాలకు ట్యాంకు తర్వాత ఇంకొక కాపలా ఉంటుంది. అది రెగ్యులేటర్. తనకు ముందున్న హెచ్చుతగ్గులను సులభంగా వెయ్యో వంతుకు తగ్గించగలదు.

పై లెక్కను కొనసాగిద్దాం. 0.064 వోల్టుల తేడా ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత 20 వోల్టుల నిల్వపై 5.6 మిల్లీవోల్టులవుతుంది. రెగ్యులేటర్ దాటాక 5.6 మైక్రోవోల్టులు. అదంతా ధ్వని సంకేతంలో చేరిందనే అన్యాయమైన ఊహ చేసినా, 2 వోల్టుల ఉత్పాదన గల 16 బిట్ల పరికరంలో అతి చిన్న మెట్టు సుమారు 86 మైక్రోవోల్టులు. మన తేడా ఆ మెట్టులో పదిహేనో వంతు. పైగా అది స్థిరమైన తేడా. స్థిరమైన వోల్టేజి ధ్వని కాదు.

ఇక్కడ ప్రతివాదుల పక్షాన బలమైన అభ్యంతరం ఒకటుంది. కెపాసిటర్లు కరెంటును నిరంతరంగా తీసుకోవు. తరంగం శిఖరాన్ని చేరినప్పుడు మాత్రమే, పొట్టి పొట్టి స్పందనలుగా తీసుకుంటాయి. సగటు ఒక ఆంపియరైతే స్పందన ఐదు ఆంపియర్లు కావచ్చు. స్పీకర్లను నడిపే చివరి దశకు సాధారణంగా రెగ్యులేటర్ కూడా ఉండదు. అభ్యంతరం సరైనదే. ఐదు ఆంపియర్ల వద్ద కార్డు తేడా 0.32 వోల్టులు, అంటే 0.14 శాతం. దీనివల్ల యాంప్లిఫయర్ గరిష్ఠ శబ్ద సామర్థ్యం 0.012 డెసిబెల్ మేర మారుతుంది. శిక్షణ పొందిన చెవి కూడా అనుకూల పరిస్థితుల్లో డెసిబెల్‌లో కొన్ని పదో వంతుల తేడానే గుర్తించగలదు. ఆ తేడా కూడా శబ్దం పరిమితి చేరినప్పుడే తలెత్తుతుంది, ఇరుగుపొరుగు తలుపు తట్టే స్థాయిలో.

నేటి స్ట్రీమింగ్ పరికరాల్లో ఎక్కువ భాగానికి ఈ చర్చ కూడా అవసరంలేదు. అవి 5 లేక 12 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి. అడాప్టర్‌లో 230 వోల్టులు ముందుగా దాదాపు 325 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారి, సెకనుకు పదుల వేలసార్లు ముక్కలై, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గుండా కొత్తగా పుడతాయి. గోడలోని తరంగరూపానికి అక్కడితో ఆయుష్షు తీరినట్టే. గోడకు నేరుగా తగిలించే అడాప్టర్లకు మార్చుకోవడానికి కార్డే ఉండదు.

5. అంకెలకు రంగు అంటదు

స్ట్రీమింగ్‌లో పాట అంకెల వరుసగా ప్రయాణిస్తుంది. సీడీ ప్రమాణంలో ప్రతి చానెల్‌కు సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు. ఇవి పొట్లాలుగా విడిపోయి వస్తాయి. దారిలో ఏదైనా పొట్లం చెడితే స్వీకర్త దానిని గుర్తించి తిరిగి పంపమని అడుగుతాడు. వచ్చినవి కొన్ని సెకన్లపాటు తాత్కాలిక నిల్వలో ఆగి, ఆ తర్వాతే ధ్వనిగా మారతాయి. ఈ ఏర్పాటులో లోపం వస్తే పాట ఆగుతుంది, తెగుతుంది, కొన్ని సేవల్లో తక్కువ నాణ్యత గల రూపానికి దిగుతుంది. అంతేగాని వీణ నాదం ‘కాస్త మొద్దుబారడం’, గాయని గొంతులో ‘గాలి తగ్గడం’ వంటివి జరగవు. పొట్లంలోని అంకె సరైనదో కాదో రెండే స్థితులు.

అంకెను ధ్వనిగా మార్చే గడియారం తడబాటు ఒక్కటే అంకెలకు వెలుపలి విషయం. విద్యుత్ మాలిన్యం ఆ గడియారాన్ని కదిలిస్తుందని కార్డుల తయారీదారులు అంటారు. జపాన్‌లో అషిహరా బృందం 2005లో ప్రచురించిన పరీక్షల్లో, యాదృచ్ఛిక తడబాటు కొన్ని వందల నానోసెకన్లకు చేరేవరకు సంగీతంలో శ్రోతలు దానిని పట్టుకోలేకపోయారు. ఓ మోస్తరు ధర గల నేటి పరికరాల్లో కూడా తడబాటు దానికంటే ఎన్నో రెట్లు తక్కువ.

మూలంలోని రొదను కూడా మరువకూడదు. 1964 నాటి చిత్రగీతం ఆనాటి ఒంటి చానెల్ ముద్రణ నుంచి, ఫిల్మ్ అంచున ఉండే కాంతి ధ్వనిపట్టీ నుంచో గ్రామఫోను రికార్డు నుంచో నేటి సర్వర్‌కు చేరినది. పెండ్యాల నాగేశ్వరరావు వాద్యబృందంతోపాటు ఆ పట్టీమీది గీతలూ రొదా మనకు వస్తాయి. కార్డుకు ఆపాదించే తేడాలన్నీ ఆ రొదకు ఎంతో అడుగున పడి ఉంటాయి.

6. వినడం, విన్నామనుకోవడం

లెక్క ఇలా ఉన్నా, చెవి పరికరం కంటే సునిశితమన్న వాదం మిగిలే ఉంటుంది. దానికి తగిన జవాబు మరొక లెక్క కాదు, పరీక్ష. ఏ కార్డు తగిలించి ఉందో శ్రోతకు తెలియకుండా వినిపించి గుర్తించమని అడగడమే అంధపరీక్ష. బెల్ ప్రయోగశాలల్లో మన్సన్, గార్డ్‌నర్ 1950లో దీనికి ఒక రూపమిచ్చారు. 1982లో డేవిడ్ క్లార్క్ దానిని ఇంటి శ్రవ్య పరికరాలకు అన్వయించారు.

పవర్‌కార్డుల విషయంలో తరచుగా ఉదహరించే పరీక్ష 2004 నాటిది. ‘సీక్రెట్స్ ఆఫ్ హోమ్ థియేటర్ అండ్ హై ఫిడెలిటీ’ అనే అమెరికన్ పత్రిక, శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల ఆడియో అభిమానుల సంఘ సభ్యులతో దీనిని నిర్వహించింది. వేల డాలర్ల కార్డును, మామూలు కార్డును మార్చి మార్చి వినిపించారు. మొత్తం 149 ప్రయత్నాల్లో 73 సరైన సమాధానాలు వచ్చాయి. అంటే 49 శాతం. నాణెం ఎగరవేసినా ఇంతే వచ్చేది. నిర్వాహకులు ఈ కార్డుల పట్ల శత్రుభావం ఉన్నవారు కారన్నది గమనించవలసిన విషయం. ఒకే పరీక్షతో సర్వకాలానికీ తీర్పు రాదు. కార్డు మార్చిన ప్రతిసారీ పరికరాలను ఆపి మళ్లీ వెలిగించాలి, ఆ వ్యవధిలో సూక్ష్మమైన శ్రవణస్మృతి చెదిరిపోతుందన్న విమర్శలో నిజముంది. అయితే ఆ విమర్శ ఇంట్లో కళ్లు తెరుచుకుని చేసే పోలికకు కూడా వర్తిస్తుంది. ‘కొత్త తీగ పెట్టగానే తెర తొలగినట్టయింది’ అనే శ్రోత సైతం అదే వ్యవధిని దాటి వచ్చినవాడే.

కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో దీనిని ఒక మధ్యాహ్నంలో చేయించవచ్చు. ఒక విద్యార్థి తెరవెనుక నాణెం ఎగరవేసి కార్డు ఎంచుకోవాలి, మరొకరు విని చెప్పాలి. 16 ప్రయత్నాల్లో 12 లేదా అంతకు మించి సరైనవి అదృష్టవశాత్తూ వచ్చే అవకాశం 3.8 శాతం మాత్రమే. కాబట్టి 12 దాటితే విషయాన్ని గంభీరంగా తీసుకోవాలి.

ఈ పరీక్షలో ఒక జాగ్రత్త తప్పనిసరి. కొత్త కార్డు పెట్టేముందు పాత కార్డును రెండు మూడుసార్లు తీసి మళ్లీ పెట్టాలి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న ప్లగ్గు పిన్నులపై పొర పేరుకుంటుంది. తీసి పెట్టడంలో జరిగే రాపిడికే అది పోతుంది. పాత కార్డుతో ఉన్న చిటపట కొత్త కార్డుతో పోయిందంటే, ఆ పుణ్యం కొత్త రాగిది కాకపోవచ్చు, చేతి కదలికది కావచ్చు. ‘తేడా నిజంగా విన్నాం’ అనే వారిలో కొందరి అనుభవానికి ఇది న్యాయమైన వివరణ అని నా అభిప్రాయం.

7. కార్డు నిజంగా దోషి అయ్యే చోట్లు

ఇంతవరకు చెప్పినది ఆరోగ్యంగా ఉన్న కార్డు గురించి. మన గ్రామాల ఇళ్లలో అసలు సమస్య అనారోగ్యకరమైన కార్డులు, సాకెట్లు.

మొదటిది వదులు సంధి. చీరాల, వాడరేవు వైపు నుంచి వీచే ఉప్పుగాలికి సాకెట్లలోని ఇత్తడి రేకులు నల్లబడతాయి, పట్టు కోల్పోతాయి. ఒక వదులు సంధి వద్ద అర ఓము నిరోధం ఏర్పడితే, ఐదు ఆంపియర్ల వద్ద అక్కడ 12.5 వాట్ల వేడి పుడుతుంది. వేలిగోరంత చోటులో అంత వేడి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, సన్నని నిప్పురవ్వలను పుట్టిస్తుంది. ఆ రవ్వల శబ్దం స్పీకర్లలో చిటపటగా వినిపిస్తుంది. దీనికి మందు వంద రూపాయల స్థాయి కొత్త సాకెట్టు. వేల రూపాయల కార్డును అదే వదులు సాకెట్టులో పెట్టడం, కారుతున్న కప్పు కింద కొత్త తివాచీ పరచడం వంటిది.

రెండవది, అన్నింటికన్నా ముఖ్యమైనది, ఎర్తు. మన మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న పిన్ను మిగతా రెండింటికంటే పొడవుగా, లావుగా ఉంటుంది. ప్లగ్గు పెట్టేటప్పుడు అదే ముందు తగలాలని, తీసేటప్పుడు చివర వీడాలని ఆ ఏర్పాటు. బ్రిటిష్ ప్రమాణం నుంచి మనకు వచ్చి, ఐఎస్ 1293గా స్థిరపడిన రూపమిది. చాలా పాత ఇళ్లలో ఆ రంధ్రం వెనుక తీగే ఉండదు. ఉన్నా, పెరట్లోని ఎర్తు గుంట ఎండిపోయి ఉంటుంది. డెల్టా నల్లరేగడి వర్షాకాలంలో తడిని బాగా పట్టి ఉంచుతుంది. వేసవిలో నెర్రెలు విచ్చి ఎర్తు పైపును వదిలేస్తుంది. గుంటలో బొగ్గు, ఉప్పు వేయడం, వేసవిలో నీళ్లు పోయడం పెద్దలు ఊరికే పెట్టిన నియమం కాదు.

ఎర్తు లేని ఇంట్లో యాంప్లిఫయర్ లోహపు పెట్టెను తాకితే వేళ్లకు జివ్వుమంటుంది. ఎందుకంటే, రొదను వడగట్టడానికి పరికరం లోపల ఫేజు నుంచి పెట్టెకు, న్యూట్రల్ నుంచి పెట్టెకు చిన్న కెపాసిటర్లుంటాయి. ఎర్తు లేకపోతే ఆ రెండింటి మధ్య పెట్టె సుమారు 115 వోల్టుల వద్ద తేలుతూ ఉంటుంది. కెపాసిటర్లు చిన్నవి కనుక పారే కరెంటు మిల్లీఆంపియరులో చిన్న భాగమే. అది జివ్వుమనిపిస్తుందే కాని ప్రాణం తీయదు. లోపల ఫేజు తీగ ఊడి పెట్టెకు తగిలిన రోజున మాత్రం పరిస్థితి వేరు. ఎర్తు ఉంటే ఫ్యూజు పోతుంది. లేకపోతే పెట్టెను ముట్టుకున్న మనిషే ఎర్తవుతాడు.

దిగుమతి చేసుకున్న ఖరీదైన కార్డుల విషయంలో నా ప్రధాన ఆక్షేపణ ఇక్కడే ఉంది. వాటిలో చాలావాటి చివర అమెరికా లేదా జర్మనీ పద్ధతి ప్లగ్గు ఉంటుంది. జర్మన్ ప్లగ్గుకు ఎర్తు పక్కనున్న రేకుల ద్వారా అందాలి. మన సాకెట్టులో ఆ రేకులకు ఎదురుగా ఏమీ లేదు. రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించి వాడితే, పాట ఎప్పటిలాగే వినిపిస్తుంది, రక్షణ మాత్రం పోతుంది. ఉచితంగా వచ్చిన మూడు పిన్నుల కార్డు తీసేసి, డబ్బు పెట్టి ప్రమాదాన్ని కొనుక్కున్నట్టు.

మూడవది ఎర్తు వలయం. ఎర్తు లేకపోవడం ఒక సమస్యైతే, రెండు చోట్ల ఎర్తు ఉండటం ఇంకొకటి. యాంప్లిఫయర్ ఒక గదిలోని సాకెట్టు ద్వారా ఎర్తయింది, దానికి కలిపిన టీవీ లేక కంప్యూటర్ మరో చోట ఎర్తయింది. రెండింటి మధ్య సంకేతాల తీగ తొడుగు గుండా కొద్దిపాటి కరెంటు పారి, స్పీకర్లలో గుయ్యిమనే హోరు పుడుతుంది. దాని మూలస్వరం 50 హెర్ట్జులు. డయోడ్ల నుంచి వచ్చే బుర్రుమనే శబ్దం 100 హెర్ట్జుల వద్ద, దాని గుణిజాల వద్ద ఉంటుంది. ఈ హోరును పోగొట్టడానికి కొందరు ఎర్తు పిన్నును కోసేస్తారు. హోరు పోతుంది కూడా. అది ప్రాణాంతకమైన మరమ్మతు. పరికరాలన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించడం సురక్షితమైన దారి. చాలాసార్లు అదే సరిపోతుంది. సరిపోకపోతే సంకేతాల తీగ మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్‌పై వినేవారికి మరో మాట. చవక ఇన్వర్టర్లు ఇచ్చేది గుండ్రని తరంగం కాదు, చతురస్రపు మెట్లు. ఫ్యానులో వినిపించే గుర్రుమనే శబ్దమే యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ పుడుతుంది. దీనికి సైన్‌వేవ్ ఇన్వర్టరే తగిన మందు, కార్డు కాదు.

8. గది

ఖర్చు పెట్టదలచినవారు ముందు గదిని చూడాలి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసశాలలో మాట వినపడటంలేదని ఫిర్యాదు వస్తే, వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడు పక్కనున్న రంగశాల నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, రాత్రివేళ ఒక్కొక్కటిగా పేర్చుతూ ప్రతినాదం ఎంతసేపు నిలుస్తోందో కొలిచాడు. ఆయన సూత్రాన్ని అనుసరించి 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న స్లాబు గదిని లెక్కిద్దాం. టైల్సు, ప్లాస్టరు గోడలు ధ్వనిని 3 శాతమే పీల్చుకుంటాయనుకుంటే, ఖాళీ గదిలో ప్రతినాదం మూడు సెకన్లకు పైగా నిలుస్తుంది. పరుపు, దళసరి కర్టెన్లు, పుస్తకాల బీరువా కలిసి మరో 8 చదరపు మీటర్ల శోషణను చేర్చితే అది సెకను లోపుకు దిగుతుంది. ఈ తేడా వినడానికి అంధపరీక్ష అవసరంలేదు, చప్పట్లు చాలు.

9. క్షేత్రసేకరణ ధ్వనులు

వినోదం కోసం వినేవారికి హోరు చికాకు మాత్రమే. పాత క్యాసెట్టును డిజిటల్ రూపంలోకి మార్చే పరిశోధకునికి అది శాశ్వత నష్టం. టేపు వయసు మీరినది, కొన్నిసార్లు ఒక్కసారి మాత్రమే సరిగ్గా ఆడుతుంది. ఆ ఒక్కసారి ల్యాప్‌టాప్ ఛార్జర్‌కూ క్యాసెట్ ప్లేయర్‌కూ మధ్య ఎర్తు వలయం ఏర్పడి ఉంటే, హోరు సాక్షి గొంతుతో కలిసిపోయి ఫైల్‌లో నిలిచిపోతుంది.

తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తీసేయవచ్చు కదా అన్నది సహజమైన ప్రశ్న. 50, 100, 150 హెర్ట్జుల వద్ద గాటు పెట్టి తీసేయవచ్చు. అయితే వయోజన పురుషుని మాటలో మూలస్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జుల మధ్య కదులుతుంది. హోరును కోసే కత్తి గొంతును కూడా కోస్తుంది. డప్పు దెబ్బలోని దిగువ స్వరాల పరిస్థితీ అంతే. 1985 తర్వాతి ఉద్యమగీతాలను డప్పు లేకుండా ఊహించలేం గనుక, ఇది కేవలం సాంకేతిక వివరం కాదు. మార్పిడి జరిగేటప్పుడు ల్యాప్‌టాప్‌ను ఛార్జర్ తీసి బ్యాటరీపై నడిపితే ఈ వలయం ఏర్పడనే ఏర్పడదు. ఖర్చు లేని ఈ పని, ఏ పవర్‌కార్డూ చేయలేని మేలు చేస్తుంది.

టేపులోనే మొదటినుంచి ఉన్న హోరు సంగతి వేరు. దానిని మూలప్రతిలో చెరపకూడదని నా సూచన. విద్యుత్ వ్యవస్థ పౌనఃపున్యం ఎప్పుడూ సరిగ్గా 50 హెర్ట్జులు ఉండదు, క్షణక్షణం కొద్దిగా ఊగుతుంది. ఆ ఊగిసలాట ఒక గ్రిడ్ అంతటా ఒకేలా ఉంటుంది. దాని ఆధారంగా ధ్వనిముద్రణ కాలాన్ని, అందులో కత్తిరింపులను పరిశీలించే పద్ధతి ఫోరెన్సిక్ శాస్త్రంలో ఉంది. 2013 డిసెంబర్ 31న జాతీయ గ్రిడ్‌తో కలిసేదాకా దక్షిణాది గ్రిడ్‌కు తనదైన పౌనఃపున్యం ఉండేది. క్యాసెట్ వేగంలోని ఒడిదుడుకులు ఈ పరిశీలనను కష్టతరం చేస్తాయి, బ్యాటరీ టేప్‌రికార్డర్‌తో ఆరుబయట చేసిన ముద్రణలో అది దొరక్కపోవచ్చు కూడా. అయినా మాట ఎక్కడైనా తెగి అతికిందా అన్న సందేహం వచ్చిన రోజున, చెరపని హోరు ఒక సాక్ష్యమవుతుంది. శుభ్రపరచిన ప్రతిని వినడానికి వేరుగా ఉంచుకోవచ్చు.

టేపులోని హోరును, మన పరికరాలు చేర్చిన హోరును వేరుచేయడానికి ఒక సులభమైన పద్ధతి ఉంది. పరికరాలన్నీ కలిపి, టేపు ఆడించకుండా, మార్పిడికి వాడబోయే స్థాయిలోనే ఒక నిమిషం ఖాళీగా ముద్రించాలి. ఆ నిమిషాన్ని స్పెక్ట్రమ్ చిత్రంగా చూడాలి. 50, 100 హెర్ట్జుల వద్ద నిటారు గీతలు లేస్తే తప్పు మన బల్లమీదే ఉంది. ప్లగ్గులు ఒకే బాక్సుకు చేర్చి, ఛార్జర్ తీసి మళ్లీ ముద్రించాలి. గీతలు అణగిన తర్వాతే టేపును కదిలించాలి. ఆ ఖాళీ నిమిషాన్ని కూడా తేదీ, పరికరాల వివరాలతో అసలు ఫైల్ పక్కనే దాచాలి.